కమ్యూనిటీ పోస్టింగ్, ఫిన్లాండ్ కాల్: అందరూ చదవండి

నర్సింగ్ థర్డ్ ఇయర్ ఫ్రెండ్స్ అందరికీ,

బుధవారం నుంచి సబ్ సెంటర్ (ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం) పోస్టింగ్. బస్సు ఉదయం 7:30కి కాలేజీ గేటు దగ్గర. మొదటి రోజే టీకాల రోజు, తల్లులు పిల్లలతో పొద్దున్నే వచ్చేస్తారు, కాబట్టి దయచేసి లేట్ చేయకండి.

యూనిఫాం, ఐడీ కార్డు, కమ్యూనిటీ బ్యాగు (ఇళ్లకు తీసుకెళ్లే నర్సింగ్ బ్యాగు) తప్పనిసరి. బ్యాగు కింద పరచడానికి పాత పేపర్లు, సబ్బు, టవల్ మర్చిపోవద్దు. బీపీ మిషన్లు మంగళవారమే చెక్ చేసుకోండి.

ఇళ్లకు ఆశా వర్కర్ అక్కతోనే వెళ్దాం. ఆమెకు ప్రతి గడపా తెలుసు. ముందు కూర్చుని మాట్లాడండి, ఆ తర్వాతే ఫారం తీయండి. అడగకుండా ఫొటోలు అస్సలు వద్దు.

శనివారం సాయంత్రం 4:30కి ఫిన్లాండ్ నర్సింగ్ స్టూడెంట్స్‌తో వీడియో కాల్ (వాళ్లకి అప్పుడు మధ్యాహ్నం). అక్కడ గర్భిణులు 'నెఉవొలా' అనే క్లినిక్‌లకు వెళ్తారు. నాలుగో నెల పూర్తయ్యేలోపు చెకప్ చేయించుకుంటే, పుట్టబోయే బిడ్డకు బట్టలు, దుప్పటి ఉన్న పెట్టె ప్రభుత్వమే ఇస్తుంది. 1938 నుంచీ ఇస్తున్నారు! మనం తల్లీబిడ్డల కార్డు ఎలా రాస్తామో, అంగన్‌వాడీలో ఏం ఇస్తారో వాళ్లకి చెప్పాలి. ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడొద్దు, చూసింది చూసినట్టు చెబితే చాలు. మనం కలిసినవాళ్ల పేర్లు, ఊరి వివరాలు మాత్రం చెప్పకూడదు.

కాల్‌లో మాట్లాడటానికి ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరి పేర్లు సోమవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. నీళ్ల బాటిల్, గొడుగు తెచ్చుకోండి.