మూసీ నీళ్లు తేటబడ్డయి, బర్రెలకు తాపొచ్చా?

అందరికీ నమస్తే. కత్వ (నదికి అడ్డంగ కట్టిన చిన్న కట్ట) కింద నీళ్లు తేటగ కనబడుతున్నయి, బర్రెలను తోలొచ్చా అని నిన్న గ్రూపుల అడిగిండ్రు కద. వద్దనే చెప్త.

నీళ్లలకెళ్లి ఒక రాయి తీసి చూడండి, వేళ్లకు జారే పాకురు ఉంటది. అండ్ల బ్యాక్టీరియా, నాచు కలిసి ఉంటయి. హైదరాబాద్ మురుగుతోని వచ్చే కుళ్లును తినేటివి ఆ బ్యాక్టీరియానే. కాకపోతే వాటికి ఆక్సిజన్ కావాలె. మురుగుల ఉండే అమ్మోనియాల నత్రజని ఒక్క మిల్లీగ్రాము నైట్రేట్‌గ మారాలంటే 4.5 మిల్లీగ్రాములకు పైనే ఆక్సిజన్ ఖర్చయితది. 30 డిగ్రీల వేడిల లీటరు నీళ్లు పట్టుకునేదే 7.5 మిల్లీగ్రాములు! ఆక్సిజన్ అయిపోతే నీళ్లు కంపు కొడతయి, ఎండకాలం వాసన ఎందుకు లేస్తదో ఇక మీరే లెక్క కట్టుకోండి. కత్వ మీదికెళ్లి దుంకేటప్పుడు గాలి కలుస్తది కాబట్టి కింద కొంత నయం. నురుగు మాత్రం సబ్బుపొడుల పుణ్యం. అడుగు బురదల, గాలి అందని కాడ, వేరే రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగ మార్చి వదిలేస్తయి.

మందుగోలీల సంగతి వేరు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ తొందరగనే విరిగిపోతయి. ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్ అంత సులువుగ లొంగదు, వాడపల్లి కాడ కృష్ణల కలిసేదాక పోయినా పోతది. సీసం, క్రోమియం లాంటి లోహాలనైతే ఏ బ్యాక్టీరియా మాయం చెయ్యలేదు. బురదల పేరుకుంటయి, ఆడికెళ్లి గడ్డికి ఎక్కుతయి.

బర్రెలకు ఒడ్డుకు దూరంగ ఉన్న బోరు నీళ్లే పెట్టండి. ఆకుకూరల మీద ఈ నీళ్లు చల్లకండి. రాళ్లు, ఇసుక తోడే ట్రాక్టర్ల సంగతి కూడ మాట్లాడుకోవాలె, రాయి పోతే పాకురు పట్టే జాగనే పోతది.