చిన్నోడి బ్యాటరీ బైకు గురించి

అమ్మలూ,

చిన్నోడి మూడో పుట్టినరోజుకి బ్యాటరీ బైకు కొనాలని ఉంది, తక్కువ ధరలో ఏది మంచిదో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

"పెరిగే పిల్లాడు, కాస్త పెద్దది కొంటే రెండేళ్లు పనికొస్తుంది" అనుకోకు. చొక్కాకైతే ఆ లెక్క సరేగానీ బైకుకి పనికిరాదు. వాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి, నేల నుంచి గజ్జల దాకా టేపుతో కొలువు. సీటు ఎత్తు అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువుండాలి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి, మునివేళ్లు తగిలితే చాలదు. బండి ఒరిగినప్పుడు వాణ్ణి కాపాడేది ఆ కాలే. అట్టపెట్టె మీద వేసిన వయసుని నమ్మకు. సీటు ఎత్తు, మోయగల బరువు మాత్రమే చూడు.

మూడేళ్లవాడికి 6 వోల్టులది చాలు. గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది, అంటే నువ్వు పక్కనే నడుస్తూ పట్టుకోగలవు. 12 వోల్టులవి అంతకంటే జోరుగా పోతాయి. ఆ జోరులో హ్యాండిల్ గబుక్కున తిప్పితే సైడు చక్రాలున్నా బండి తిరగబడుతుంది. ఇంకో మాట, 6 వోల్టుల బండికి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బాగా పరిగెడుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మోటారు కాలుతుంది, లేదంటే ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఊడతాయి.

చవక బళ్లలో లైట్లు, పాటలు, హారన్ బ్రహ్మాండంగా ఉంటాయి. వాటికి పెద్దగా ఖర్చు కాదు కాబట్టే పెడతారు. నువ్వు సీటు ఎత్తి బ్యాటరీ చూడు. దాని మీద 6వి 4.5ఏహెచ్ (6 వోల్టులు, 4.5 ఆంపియర్-అవర్లు) లాంటి అంకెలుంటాయి. ఆ రెండో అంకె ఎంత ఎక్కువైతే అంతసేపు తిరుగుతుంది. 4.5 ఉంటే చదును నేల మీద ముప్పావుగంట అటూఇటుగా వస్తుంది. ఆ సైజు బ్యాటరీ విడిగా దొరుకుతుందో లేదో కూడా కనుక్కో. ముందు పోయేది అదే. వాడిన బండి కొనేటట్టయితే కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకునే బేరం చెయ్యి.

తరవాత బండిని చదును నేల మీద పెట్టి వెనకనుంచి వంగి చూడు. సైడు చక్రాలు నేలకి కొద్దిగా పైన ఉండాలి, లేదా తేలిగ్గా తాకాలి. అవి మరీ కిందికుంటే, గుంత వచ్చినచోట రెండు సైడు చక్రాల మధ్య వెనక చక్రం గాల్లో తేలి ఊరికే తిరుగుతుంది, బండి కదలదు. చాలామంది మోటారు పోయిందనుకునేది ఇక్కడే. గట్టి ప్లాస్టిక్ చక్రాలు నున్నటి టైల్స్ మీద జారతాయి, కాబట్టి తిరిగే చక్రానికి కనీసం రబ్బరు పట్టీ అయినా ఉన్నది తీసుకో.

కాలితో నొక్కే పెడల్ ఉన్నది వాడికి తేలిక. కాలు తీయగానే అడుగు, రెండడుగుల్లో ఆగాలి. కొనేచోటే వాణ్ణి ఎక్కించి చూడు. ముందుకి పోతుండగా రివర్స్ మీట నొక్కితే గేర్లు విరుగుతాయి, "ఆగు, తరవాత నొక్కు" అని మొదటి రోజే నేర్పు. వాలు దగ్గర, మెట్ల దగ్గర, బళ్లు తిరిగేచోట అసలు వద్దు. హెల్మెట్ కూడా కొను.

ఇంటికి తెచ్చాక నడవకపోతే కంగారుపడకు. రవాణా కోసం బ్యాటరీ వైరు ఊడదీసి పంపుతారు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలుపు. ముందు ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేశాకే ఎక్కించు. 4.5 బ్యాటరీకి అర ఆంపియర్ ఛార్జరైతే తొమ్మిది గంటల లెక్క, కొంత వృథా పోతుంది కాబట్టి పది పన్నెండు గంటలు పడుతుంది. ఇలాంటి ఛార్జర్లు చాలావరకు నిండాక వాటంతటవి ఆగవు. పొద్దున్న పెట్టి రాత్రికి తీసెయ్యి, పడుకునేటప్పుడు పెట్టకు. వాడినా వాడకపోయినా నెలకోసారి ఛార్జ్ చెయ్యాలి. ఈ బళ్లలో ఉండే లెడ్ (సీసం) బ్యాటరీ ఖాళీగా మూలన పడుంటే లోపల సల్ఫేటు గట్టిపడి, తరవాత ఎంత పెట్టినా ఎక్కదు.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ నడిస్తే అది వేడెక్కితే కరెంటు ఆపి, చల్లారాక మళ్లీ కలిపే ఫ్యూజు పని. బరువెక్కువైనా, ఇరుసుకి దారమో వెంట్రుకలో చుట్టుకున్నా అలా అవుతుంది. మోటారు శబ్దం వస్తూ చక్రం తిరగకపోతే గేర్ల పళ్లు పోయాయి. లైట్లు వెలిగి బండి కదలకపోతే ముందు బ్యాటరీని అనుమానించు. వోల్టు మీటరు పెడితే నిండుగా ఉన్న 6 వోల్టుల బ్యాటరీ 6.4 దాకా చూపిస్తుంది. పెడల్ నొక్కగానే అది 5 కిందికి పడిపోతే బ్యాటరీ మార్చాల్సిందే.

రెండు మూడు నచ్చితే వాటి బ్యాటరీ లేబుల్, వెనక చక్రం, సీటు ఎత్తు ఫొటోలు తీసి పంపు, చూసి చెబుతాను. వాడి కొలత కూడా పంపు.

నాన్న