మార్కులు సరే, ఏ కంప్యూటర్‌లో ఆడారు?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం పేజీలో ‘ఎల్డెన్ రింగ్’ గేమ్ గురించి రాస్తూ, విమర్శకుల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో నూటికి 96 మార్కులు వచ్చాయని, 2022లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచిందని చెప్పి సరిపెట్టారు. రెండూ నిజమే. కానీ విడుదలైన కొత్తలో ఆట ఆగి ఆగి నడుస్తోందని పీసీలో కొన్నవాళ్లు, గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో దుమ్మెత్తిపోశారు. ఆ ముక్క ఎక్కడా లేదు.

నాకు 63 ఏళ్లు. మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటూ వాడి పాత కంప్యూటర్‌లో ఆడుతుంటాను. మొదటి తలుపు తోసుకుని బయల్లోకి రాగానే బంగారు కవచంతో ఒక రౌతు గుర్రం మీద తిరుగుతుంటాడు. నన్ను పదకొండుసార్లు చంపాడు. ఏడుసార్లు తప్పు నాదే, తొందరపడి మీదికెళ్లాను. మిగతా నాలుగుసార్లు వాడు ఆయుధం ఎత్తగానే తెర బిగుసుకుపోయింది. కదిలేసరికి నేను నేల మీద! వాణ్ణి తప్పించుకుని పక్కదారిన పోవచ్చని తర్వాత తెలిసిందనుకోండి. విమర్శకులు మెచ్చుకున్నదీ ఆ స్వేచ్ఛనే.

ఈ గేమ్‌కి అదనపు భాగంగా 2024 జూన్‌లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ’కీ ఇదే తంతు. విమర్శకులు ఆకాశానికెత్తారు. స్టీమ్‌లో మాత్రం మరీ కష్టంగా ఉందని కొందరు, పీసీలో సరిగ్గా నడవట్లేదని కొందరు గోల పెట్టారు.

మీ సమీక్షకులు ఏ మెషీన్‌లో, ఎన్ని గంటలు ఆడి రాశారో ఇకపై ఒక్క వాక్యం వేయండి.

— ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, బెంగళూరు