డెకర్డ్ గాడి స్కోరు

ఒరేయ్ మామా,

తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. నీ ఉత్తరానికి రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్లు లాగించేశా. ఇక్కడ అందరం బాగున్నాం, ఆఫీసు మామూలే, చెల్లి పరీక్షలు అయిపోయాయి. విశేషాలు సమాప్తం. అసలు సంగతి వేరే ఉంది, నీకు చెప్పకపోతే పొట్ట పగిలిపోయేలా ఉంది, ఇంట్లో మొదలెడితేనే లేచి వెళ్లిపోతున్నారు.

నిన్న రాత్రి మళ్లీ బ్లేడ్ రన్నర్ సినిమా చూశా, 2007లో మళ్లీ ఎడిట్ చేసి వదిలిన ఫైనల్ కట్. ఆగు, చదవడం ఆపకు! అప్పట్లో నువ్వు పెట్టిన గురకకి వాంజెలిస్ మ్యూజిక్ కూడా వినపడలేదు నాకు, అది వేరే కథ. ఈసారి ఒక్కటే లెక్కేస్తూ కూర్చున్నా, ఈ హీరో, వేటగాడు డెకర్డ్ గాడు అసలు ఎంతమందిని పట్టాడు అని.

చూడు, పని మానేసి కూర్చున్నవాణ్ణి పోలీసులు బెదిరించి మరీ తెచ్చుకుంటారు కదా, నీ అంత తోపు లేడని. కథలో 2019 లాస్ ఏంజెలెస్, ఎడతెగని వాన, పారిపోయొచ్చిన నలుగురు రెప్లికెంట్లు (అచ్చం మనుషుల్లా తయారుచేసిన కృత్రిమ మనుషులు) రాయ్, లియాన్, జోరా, ప్రిస్, పాపం వాళ్ల ఆయుష్షే నాలుగేళ్లు, అయినా భూమ్మీద కనిపిస్తే చంపెయ్యడమే రూలు. మనోడి స్కోరెంతో తెలుసా? రెండు! అదీ ఇద్దరు ఆడవాళ్లు!

జోరా దగ్గరికి ముక్కుతో మాట్లాడుతూ ఆర్టిస్టుల తరఫు మనిషినంటూ వెళ్తాడు, ఆవిడ చితక్కొట్టి గొంతు నులిమేస్తుంది, ఎవరో లోపలికి రాబట్టి బతికాడు. తర్వాత నడివీధిలో తరిమి వెనకనుంచి వీపు మీద కాలుస్తాడు. ఆవిడ ఆ పారదర్శక రెయిన్‌కోట్‌లో అద్దాలు బద్దలుకొట్టుకుంటూ పడిపోతుంటే... రేయ్, అది వేటలా లేదురా, ఇంకేదోలా ఉంది. (పాత ప్రింట్‌లో అక్కడ విగ్గు పెట్టిన డూప్ దొరికిపోయేది కదా, ఇందులో జోరా వేషం వేసిన జోవానా కాసిడీ ముఖం కొత్తగా షూట్ చేసి అతికించారు. జోరా డాన్సుకి వాడే ఆ పాము మాత్రం కాసిడీ సొంతదేనట, నువ్వైతే సెట్‌కే వెళ్లవు!)

లియాన్ దగ్గరా అంతే, వీడు చావుదెబ్బలు తింటుంటే రేచల్ కాల్చి కాపాడింది. ఆమె కూడా రెప్లికెంటే, అప్పటికే చంపాల్సినవాళ్ల లిస్టులో ఉంది! ప్రిస్ అయితే వీడి మెడ మీదెక్కి ముక్కు పిండేసింది, ఎలాగో తుపాకీ అందింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు చెప్పేది విను, దీనికోసమే రాస్తున్నా. చివర్లో రాయ్ వీడి చెయ్యి గోడలోంచి లాగి వేళ్లు విరుస్తాడు కదా, ఒకటి జోరాకి, ఒకటి ప్రిస్‌కి. లియాన్ పేరున వేలు విరవడు! అతన్ని చంపింది వీడు కాదుగా మరి. వాడికెలా తెలుసో నాకు తెలీదు గానీ లెక్క మాత్రం కరెక్ట్, మన బెత్తం మాస్టారు కూడా అంత నిఖార్సుగా కొట్టలేదు మనల్ని.

ఆ తర్వాత మేడ అంచున వేలాడుతున్న వీణ్ణి అదే రాయ్, మేకు దిగిన చేత్తో పైకి లాగుతాడు. అంటే కాపాడినవాళ్లిద్దరూ వీడు చంపాల్సినవాళ్లే. రాయ్ చనిపోతూ చెప్పే ఆ చివరి మాటల్ని, ఆ వేషం వేసిన రట్గర్ హావర్ తనే కుదించి, వానలో కన్నీళ్ల ముక్క తనే కలిపాడని చదివా, ఈసారి అది వింటుంటే నాకు... సర్లే, నవ్వుతావు.

ఇంకోటి. డెకర్డే రెప్లికెంట్ అని డైరెక్టర్ రిడ్లీ స్కాట్ అంటాడు, కాదు మనిషేనని డెకర్డ్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్ షూటింగ్‌లోనే గొడవపడ్డాడు. వాడి కలలో వచ్చిన యూనికార్నే (ఒంటికొమ్ము గుర్రం) చివర్లో కాగితం బొమ్మగా దొరుకుతుంది కదా, నువ్వు దాన్ని చూపించి వాదిస్తావని తెలుసు. మరి ప్రిస్ సలసల కాగే నీళ్లలోంచి గుడ్డు తీస్తుంటే వీడు ప్రతివాడి చేతా తన్నులు తింటాడేంట్రా? లేక బలం లేకుండా కావాలనే చేశారంటావా, అలా అయితే ఆ పోలీసు బాస్‌కి ముందే తెలిసి

చెల్లి వచ్చి నెత్తి మీద నిలబడింది, లాప్‌టాప్ ఇప్పుడే కావాలట. పంపించేస్తున్నా. ముందు దీనికి జవాబు చెప్పు, పెళ్లి ఫొటోలు తర్వాత.

నీ
తోకలేని పిట్ట