ఆశ అక్కకు, వార్డు సిస్టర్లకు, డైటీషియన్ మేడమ్‌కు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

మా పాప నిన్న ఇంటికొచ్చింది. పుట్టినప్పుడు 1.6 కిలోలు, ఇప్పుడు రెండు దాటింది. ఏడుపు మాత్రం నాలుగు కిలోల పిల్లకు సరిపోయేంత ఉంది. కడుపుతో ఉండగా నాకు బీపీ ఎలా పెరిగిందో, పాప ముందే ఎందుకు పుట్టిందో ఫోన్లు చేసిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక ఇంకా రాలేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. తమ పేర్లు రాయొద్దని నాకు సాయం చేసిన వాళ్లే అన్నారు. "మా డ్యూటీ మేం చేశాం, పేరెందుకమ్మా" అన్నారు. సరే, ఎవరి గురించి రాస్తున్నానో మా ఊళ్లో అందరికీ తెలుసు.

ముందు మా ఆశ అక్క, అంటే మా ఊరి ఆరోగ్య కార్యకర్త. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. అప్పటిదాకా నేను చూపించుకుంటున్న చోట వాపు చూసి, "నీరు పట్టింది, ఉప్పు మానెయ్, బార్లీ నీళ్లు తాగు" అని పంపేశారు. ఆ రోజు బీపీ చూడలేదు. ఇంట్లోనూ అందరూ కడుపుతో ఉంటే కాళ్లకు నీరు రావడం మామూలే అన్నారు. మామూలే కూడా, చాలామందికి వస్తుంది. అక్క మాత్రం కాళ్ల వంక చూడనే లేదు. నా చెయ్యి పట్టుకుని ఉంగరం తియ్యమంది. సబ్బు రాసి తిప్పినా రాలేదు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బుతోందా, తలనొప్పి ఉందా, కళ్ల ముందు మెరుపుల్లాగా కనిపిస్తున్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. తలనొప్పి ఉందన్నాను. అంతే, చెప్పులు వేసుకోనిచ్చి నేరుగా సబ్ సెంటర్‌కు నడిపించింది.

అక్కడి నర్సు, ఏఎన్ఎం మేడమ్, చూస్తే బీపీ 150/100. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది, దిగలేదు. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే గర్భిణికి బీపీ ఉన్నట్టు లెక్క అని నాకు అప్పుడే తెలిసింది. మూత్రం పరీక్ష పట్టీ ముంచితే పసుపుగా ఉన్నది చూస్తుండగానే ఆకుపచ్చకు తిరిగింది. ప్రోటీన్ పోతోందన్నమాట. 102కు ఫోన్ చేసి, నా ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద రీడింగులన్నీ రాసి, బండి వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది. ఏఎన్ఎం మేడమ్, మీ చేతిరాత చూసే జిల్లా ఆసుపత్రిలో నన్ను లైన్లో నిలబెట్టకుండా లోపలికి తీసుకెళ్లారు.

అక్కడికి వెళ్లేసరికి బీపీ 170/110. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారని, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. "మీ అమ్మకు గానీ అక్కచెల్లెళ్లకు గానీ ఇలా అయ్యిందా" అని అడిగితే మా అమ్మ నోరు విప్పింది. నన్ను కన్నప్పుడు తనకు గుర్రపు వాతం, అంటే ఈ ఫిట్సే, వచ్చిందట! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. తల్లికి వస్తే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువట. తొలి కాన్పు, కవలలు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉండటం, బరువు ఎక్కువగా ఉండటం, ఇవి కూడా ముప్పు పెంచేవేనట.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ గురించి చెప్పి తీరాలి, నాలాంటి వాళ్లు భయపడకుండా ఉంటారని. నరంలోకి ఎక్కుతుంటే ఒళ్లంతా సెగ పెట్టినట్టు అవుతుంది. తుంటికి చేసిన సూదులు వేరే కథ. రాత్రంతా సిస్టర్ వచ్చి చిన్న సుత్తితో మోకాలి కింద తట్టేది, శ్వాస లెక్కపెట్టేది, యూరిన్ బ్యాగులో ఎంత వచ్చిందో రాసుకునేది. మొదట విసుక్కున్నాను. "నీ కాలు ఎగిరితేనే నాకు నిద్రమ్మా" అంది. మందు మోతాదు మించితే ముందు ఆ ఎగరడం ఆగిపోతుందట, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుందట. ఆ సిస్టర్ ఎన్ని రాత్రులు ఎంతమంది మోకాళ్లు తట్టి ఉంటుందో! బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పూర్తయ్యాక సిజేరియన్ చేశారు. పాపను ఎస్‌ఎన్‌సీయూలో (పసిపిల్లల ప్రత్యేక వార్డులో) ఉంచి, కాస్త కుదురుకున్నాక కంగారూ లాగా నా గుండెల మీద పడుకోబెట్టడం నేర్పించారు. కాన్పయినా బీపీ వెంటనే వదలదు, ఫిట్స్ తర్వాత కూడా రావచ్చు అని నేను బతిమాలినా తొందరగా డిశ్చార్జి చేయలేదు. దానికీ థాంక్సే.

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం డైటీషియన్ మేడమ్.

ఆసుపత్రి వరండాలో చుట్టాలు రోజుకో కారణం కనిపెట్టారు. మామిడికాయ తొక్కు (పచ్చడి) మీద పడి తిన్నది అని ఒకరు, గుడ్లు తిని ఒంట్లో వేడి చేసిందని ఇంకొకరు. ఇంటికి తీసుకెళ్లాక చప్పిడి కూడే పెట్టాలని తీర్మానం కూడా చేసేశారు. నేను మంచం మీద పడుకుని అవన్నీ వింటూ, నా బిడ్డకు నేనే కీడు చేశానేమో అని ఏడుస్తూ ఉన్నాను. మేడమ్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. నన్ను కాదు, ముందు మా అత్తమ్మను కూర్చోమంది.

"ఇది తొక్కు వల్ల వచ్చిన జబ్బు కాదమ్మా" అని మొదలుపెట్టింది. తొలి నెలల్లో మాయ గర్భసంచికి అతుక్కునేటప్పుడు అక్కడి రక్తనాళాలు వెడల్పు కావాలట. పిల్ల కాలువ ఇరుకుగా ఉంటే మడి చివరిదాకా నీళ్లు అందనట్టే, ఆ నాళాలు సరిగ్గా తెరుచుకోకపోతే మాయకు రక్తం చాలదు. ఆ ఇబ్బందికే మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వచ్చి బీపీ పెరుగుతుంది, కిడ్నీ నుంచి ప్రోటీన్ జారిపోతుంది. మా అత్తమ్మ వ్యవసాయం చేసిన మనిషి, కాలువ మాట వినగానే తల ఊపింది.

ఉప్పు పూర్తిగా మానేస్తే ఈ జబ్బు రాకుండా ఆగదట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఆపడానికి ఉప్పు తగ్గించమని చెప్పడం లేదట. ఒళ్లు వాచినట్టు కనిపిస్తుంది గానీ రక్తనాళాల లోపల నీరు తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి చప్పిడి తిండితోనో బార్లీ నీళ్లతోనో వాపు లాగెయ్యాలని చూడటం దండగ అంది. అందరిలాగే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఇంటిల్లిపాదికీ మంచిదైన కొలతే నాకూ చాలు. తొక్కు, అప్పడాలు రుచికి కొంచెం. ప్రోటీన్ పోతోందని పప్పు, గుడ్లు మానకూడదు, అలాగని వేలు పోసి పౌడర్ డబ్బాలు కొననక్కర్లేదు.

తిండికీ ఈ బీపీకీ సంబంధం కనిపించింది ఎక్కువగా కాల్షియం దగ్గరేనట. తిండిలో కాల్షియం తక్కువున్న చోట్ల మాత్రలు ఇస్తే ముప్పు తగ్గుతుందని చూశారట. మన కంచం సంగతి తెలిసిందే: బియ్యంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు, తైదల్లో (రాగుల్లో) 350 దాకా ఉంటుంది. చిన్నప్పుడు అమ్మమ్మ తాగించిన తైదల అంబలిని పేదోళ్ల తిండి అని మనమే ఇంట్లోంచి వెళ్లగొట్టాం. పాలు, పెరుగు, మునగాకు, నువ్వులు కూడా రాసిచ్చింది. నువ్వులంటే మా వాళ్లు వేడి అని ఉలిక్కిపడ్డారు. కూరలో చెంచా పొడి వేస్తే ఏమీ కాదంది మేడమ్.

మాత్రల గురించి చెప్పింది అందరికీ పనికొస్తుంది. ప్రభుత్వం నాలుగో నెల నుంచి రోజుకు రెండు 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలు ఉచితంగా ఇస్తుంది, కాన్పయ్యాక ఆరు నెలలదాకా. వాటిని భోజనం తర్వాత వేసుకోవాలి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. కలిస్తే ఐరన్ ఒంటబట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్ర టీతో, పాలతో అసలే వద్దు. మా అత్తమ్మ వెంటనే "మరి నాలుగు వేస్తే?" అంది. మేడమ్ నవ్వి, బెంగళూరులో, టాంజానియాలో ఒక్కోచోట 11 వేల మంది తొలిచూలు గర్భిణులతో చేసిన పరీక్షల గురించి చెప్పింది. రోజుకు 500 మిల్లీగ్రాములు తీసుకున్నా, 1500 తీసుకున్నా ఈ బీపీ జబ్బు విషయంలో పెద్ద తేడా కనిపించలేదని 2024లో తేలిందట. ఎంత ఎక్కువ అన్నది కాదు, రోజూ మరవకుండా వేసుకోవడమే ముఖ్యమని. అన్నీ సరిగ్గా తిన్నా కొందరికి ఇది వస్తుంది, అందుకే బీపీ చూపించుకోవడం మానకూడదని కూడా చెప్పింది.

అప్పటినుంచి మా ఇంట్లో మాత్రల డబ్బా అత్తమ్మ కొంగు ముడిలో ఉంటోంది. నా మాత్రల టైము నాకు తెలియదు, ఆమెకు తెలుసు. చుట్టాలెవరైనా తొక్కు మాటెత్తితే కాలువ కథ ఆమే చెబుతోంది.

అంగన్‌వాడీ టీచర్‌ను మరిచిపోలేదు. గర్భిణులకు ప్రభుత్వం పెట్టే ఆరోగ్య లక్ష్మి భోజనంలో ఇచ్చే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు నేను అక్కడే కూర్చుని ముగించేదాకా కదలనిచ్చేది కాదు. ఇంటికి తెచ్చి ఉంటే ఎవరి నోట్లోకి పోయేవో నాకు తెలుసు.

డాక్టరమ్మ చెప్పి పంపినవి కొన్ని: ఇకమీదట ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి, ఈ జబ్బు వచ్చినవాళ్లకు ముందు ముందు గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. మళ్లీ కడుపుతో ఉంటే 12 వారాలకే రావాలి, 16 వారాల్లోపు చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సొంతంగా మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకునేది కాదు అది.

మా ఆయన కొన్న బీపీ మిషన్‌కు ఇప్పుడు రోజూ పని లేదు. మన వాడలో కడుపుతో ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, సెల్లులు మాత్రం కొత్తవి వేసుకోండి.