కంప్యూటర్ కాదంటే కార్డు పోవాల్సిందేనా?

సంపాదకులకు నమస్కారం.

కొంతకాలంగా మీ పత్రిక తెరిస్తే కృత్రిమ మేధ గురించి ఏదో ఒకటి ఉంటోంది. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కడుతుందని, అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందని చదివి సంతోషించాం. ఏఐ వస్తే ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అన్న చర్చా జోరుగానే నడుస్తోంది. ఈ సందడిలో ఒక సంగతి మరుగున పడిపోతోందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎవరికి బియ్యం ఇవ్వాలి, ఎవరికి పథకం డబ్బులు వెయ్యాలి అని తేల్చే పని కంప్యూటర్ చేతికి వెళ్లి చాలా ఏళ్లయింది. దాన్ని ఎవరూ ఏఐ అనరు. "సిస్టమ్‌లో రావట్లేదండి" అంటారు, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో దీని పేరు సిక్స్ స్టెప్ వాలిడేషన్. కుటుంబ ఆదాయం ఎంత, నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు కాలిందా, పేరు మీద కారు ఉందా, మాగాణి మూడెకరాలు మించిందా, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉందా, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లు గానీ ఉన్నారా అని ఒక్కో శాఖ దగ్గరున్న రికార్డును ఆధార్ నంబరుతో కలిపి చూస్తారు. ఎక్కడ తేడా కొట్టినా "ఇనెలిజిబుల్" అని పడుతుంది. ఇంట్లోవాళ్లందరినీ ఒకే కుటుంబంగా కలిపి నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ వల్ల ఒకరికి పడితే ఇంటిల్లిపాదికీ పడినట్టే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం సంగతి చెప్తాను. సెల్లార్‌లో ఒక గది, ఒక ఫ్యాను, రెండు బల్బులు, చిన్న టీవీ. భార్య చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు తోముతుంది. బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు వీధిలో అందరికీ పడ్డాయి, ఆమెకు పడలేదు. వార్డు సచివాలయంలో అడిగితే కరెంటు వాడకం ఎక్కువ అని చూపిస్తోందన్నారు. తీగ లాగితే తేలిందేమిటంటే, మీటర్లకు ఆధార్ సీడింగ్ చేసినప్పుడు అపార్ట్‌మెంట్ కామన్ మీటర్‌ను ఎదురుగా కనిపించిన వాచ్‌మన్ ఆధార్‌కే కలిపేశారు. ఐదంతస్తుల లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల మీద లైట్లు, అన్నీ కలిపి కాలిన యూనిట్లు ఆ సెల్లార్ గది లెక్కలోకి వెళ్లాయి.

సచివాలయం కుర్రాడు మర్యాదస్తుడే. "మా లాగిన్‌లో మార్చే ఆప్షన్ లేదమ్మా, కరెంటాఫీసులో డీసీడింగ్ చేయించుకో" అన్నాడు. కరెంటాఫీసు వాళ్లు సచివాలయం నుంచి కాగితం తెమ్మన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆ కుర్రాడు ఉండేది మా వెనక వీధిలోనే, ఆ గదిని రోజూ చూస్తూ పోతాడు. కానీ అతను కళ్లతో చూసిన దానికి స్క్రీన్ మీద విలువ లేదు. చివరికి మేమంతా కూడబలుక్కుని తిరిగితే మీటరు వేరుపడింది. ఈలోపు పిల్లను స్కూల్లో చేర్చడానికి తెచ్చిన అప్పుకు ఆమె వడ్డీ కడుతూనే ఉంది. వెంట తిరిగేవాళ్లు లేని మనిషి గతి ఏమిటన్నది వేరే చెప్పాలా?

తెలంగాణది ఇంకా పెద్ద కథ. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. లెక్కలో లేకపోతే ఏం పోతుందోనని జనం పనులు మానుకుని ఊళ్లకు పరుగులు తీశారు. ఆ తర్వాత ప్రభుత్వం రకరకాల శాఖల రికార్డులను ఒకచోట కలిపి సమగ్ర వేదిక అనే వ్యవస్థ తయారుచేసుకుంది. ఒక రికార్డులో ఉన్న మనిషీ ఇంకో రికార్డులో ఉన్న మనిషీ ఒకరేనా అని పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి అది అంచనా వేస్తుంది. మన పేర్లతో ఈ పని ఎంత చిక్కో బ్యాంకు పాస్‌బుక్కూ ఆధారూ పక్కపక్కన పెట్టుకున్న ఎవరినడిగినా చెప్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఇంకోచోట పొడి అక్షరమై కూర్చుంటుంది. ఒకే వీధిలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. అలా హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషికి కారుందని సిస్టమ్ తేల్చింది. ఆ కారు నిజానికి దాదాపు అదే పేరున్న ఇంకెవరిదో.

అక్కడ దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి, చాలామందికి నోటీసైనా లేదు. డీలర్ దగ్గరికి వెళ్లాకే కార్డు లేదని తెలిసింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రద్దైన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చెయ్యమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అలా చూస్తే వేలల్లో అర్హులు బయటపడ్డారు. అప్పటిదాకా వాళ్లు తినని బియ్యానికి ఎవరు జవాబుదారీ అన్నది మాత్రం తేలలేదు.

లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ని కాబట్టి ఒక చిన్న లెక్క వేస్తాను. కోటి కార్డులున్నాయనుకుందాం. అందులో ఐదు లక్షలు నిజంగా అనర్హులవి. కంప్యూటర్ నూటికి 99 సార్లు సరిగ్గానే చెప్తుందనుకుందాం. అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. ఐదు లక్షల అనర్హుల్లో 4,95,000 మందిని అది పట్టుకుంటుంది, నిజమే. కానీ మిగతా 95 లక్షల అర్హుల్లో నూటికి ఒకరి చొప్పున 95,000 కుటుంబాలను కూడా అనర్హులంటుంది. అంటే ఏరివేసిన ప్రతి ఆరింటిలో ఒకటి అన్యాయంగా పోయిన కార్డే. "99 శాతం కచ్చితత్వం" అని ఎవరైనా వేదికల మీద చెప్పేటప్పుడు ఈ ఆరో ఇల్లు ఎవరికీ కనిపించదు. పైగా ఆ ఒక శాతం తప్పు అందరి మీదా సమానంగా పడదు. అద్దెకుండేవాళ్లు, వలస వెళ్లేవాళ్లు, చదువు రాక పేరు ఎవరు ఎలా రాస్తే అలా ఊరుకున్నవాళ్లు, వీళ్ల మీదే పడుతుంది.

పాత పద్ధతే బాగుందని నేను అనను. ఊళ్లో పెద్దమనిషి దయ ఉంటే కార్డు, లేకపోతే లేదు అన్న రోజులు చూశాను. మేడలున్నవాళ్లు తెల్లకార్డు చూపించి బియ్యం తెచ్చి కోళ్లకు వేసిన రోజులూ చూశాను. దొంగ కార్డులు ఏరాల్సిందే, దానికి కంప్యూటర్ సాయం తీసుకోవాల్సిందే. ఫలానా ఇంటి మీద అనుమానం ఉంది, వెళ్లి చూడండి అని అది చెప్పడం వేరు. చెప్పిన మరుక్షణం బియ్యం ఆగిపోవడం వేరు. నా గొడవంతా ఈ రెండో దాని గురించే.

మనమేదో వెనకబడి ఉండటం వల్ల ఇలా జరుగుతోందని అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒక వ్యవహారం నడిచింది. అక్కడ నిరుద్యోగ భృతి లాంటి సాయాలు పదిహేను రోజులకోసారి వచ్చే ఆదాయాన్ని బట్టి ఇస్తారు. ప్రభుత్వ కంప్యూటర్ మాత్రం పన్నుల శాఖ నుంచి ఏడాది మొత్తం ఆదాయం తీసుకుని దాన్ని 26 పక్షాలకు సమానంగా పంచేసింది. ఆరు నెలలు పనిచేసి, ఆరు నెలలు పని లేక భృతి తీసుకున్నవాడు కూడా ఏడాది పొడవునా సంపాదించినట్టు లెక్క తేలింది. ఇంకేముంది, ఎక్కువ తీసుకున్నావు వెనక్కి కట్టు అని నోటీసులు. నాలుగు లక్షలమందికి పైగా లేని బాకీ మోశారు. అది చట్టవిరుద్ధమని 2019లో ఒప్పుకున్నారు, వసూలు చేసిన డబ్బు తిరిగిచ్చారు, రాయల్ కమిషన్ వేశారు, 2023లో దాని నివేదిక వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసినందుకు 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర ఒక తహసీల్దారు సంజాయిషీ ఇచ్చుకున్నట్టు కూడా నేను వినలేదు.

చట్టం కాపాడుతుందా అంటే, 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో నిబంధనలు కూడా వచ్చాయి. కానీ ఏడో సెక్షన్ ప్రకారం సబ్సిడీలు, సర్టిఫికెట్ల వంటి వాటికి ప్రభుత్వం తన దగ్గరున్న వివరాలను వాడుకోవడానికి మళ్లీ మన సమ్మతి అడగక్కర్లేదు. తప్పుల్ని సరిదిద్దించుకునే హక్కు ఇచ్చే పన్నెండో సెక్షనేమో సమ్మతితో ఇచ్చిన సమాచారానికి ముడిపడి ఉంది. షాపింగ్ యాప్‌లో తప్పు పడితే దిద్దించుకోవడం తేలిక, రేషన్ కార్డు దగ్గరికొచ్చేసరికి హక్కు పలచబడుతుంది. అదే యూరప్‌లో 2024లో తెచ్చిన ఏఐ చట్టం ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే వ్యవస్థలను అధిక ముప్పున్న వాటిలో చేర్చి, వాటిపై మనిషి పర్యవేక్షణ ఉండాలంది.

యూరప్ దాకా ఎందుకు, దారి మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో ఉన్న పేర్లను గ్రామసభలో పైకి చదివేవాళ్లు. చచ్చిపోయినవాడి పేరు మీద కూలి పడితే జనంలోంచి ఎవరో ఒకరు లేచి చెప్పేవాళ్లు. ఇప్పుడు కావలసింది సరిగ్గా అదే. ఏ కార్డునైనా ఆపే ముందు, ఫలానా శాఖ రికార్డులో ఫలానా కారణం అని ఆ ఇంటికి తెలుగులో కాగితం ఇవ్వాలి. గ్రామసభలోనో వార్డులోనో ఆ జాబితా చదవాలి. ఒక మనిషి ఇంటికి వెళ్లి చూసి సంతకం పెట్టేదాకా బియ్యం, పింఛను ఆగకూడదు. రికార్డు తప్పని తేలితే దిద్దే ఆప్షన్ మండలంలో కనీసం ఒక్క అధికారి లాగిన్‌లోనైనా ఉండాలి, పేదవాణ్ని శాఖల మధ్య బంతిలా తన్నకూడదు.

మీకో విన్నపం. జిల్లాల్లో ఉన్న మీ విలేకరుల చేత ఒక్క లెక్క అడిగించండి: గత మూడేళ్లలో సిస్టమ్ అనర్హులని చెప్పిన కుటుంబాలెన్ని, ఫిర్యాదు చేశాక తిరిగి అర్హులైనవి ఎన్ని, ఆ మధ్యకాలపు బకాయి ఇచ్చింది ఎంతమందికి? జవాబు వస్తే మొదటి పేజీలో వెయ్యండి. రాకపోతే రాలేదనే వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
తెనాలి.