ఒక్కటంటే ఒక్కటే ఓడారు మామా

విశాఖపట్నం,
26-5-2024.

ఒరేయ్ మామా,

మొన్న "ఆ లెవర్కూసెన్ గొడవేటిరా బాబూ" అని ఫోన్ పెట్టేశావు కదా, అందుకే ఉత్తరం. ఇదైతే మధ్యలో కట్ చెయ్యలేవు.

మన పరవాడ ఫార్మా సిటీలో ఏదో మందుల కంపెనీ ఉద్యోగులు సరదాకి టీమ్ పెట్టుకుంటే, అది పెరిగి పెరిగి దేశంలోనే పెద్ద లీగుకి ఎక్కిందనుకో. లెవర్కూసెన్ కథ అదే. ఆస్పిరిన్ తయారుచేసే బేయర్ కంపెనీ కార్మికులు 1904లో పెట్టుకున్న జర్మనీ ఫుట్‌బాల్ క్లబ్బు. ఈ ఏడాది వరకు జర్మన్ లీగు మాత్రం ఏనాడూ గెలవలేదు. 2002లో మరీ దారుణం. లీగులో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్లో ఓటమి, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓటమి, అన్నీ కొద్ది వారాల తేడాలోనే! జనం "నెవర్కూసెన్" అని ఆడిపోసుకునేవారు.

2022 అక్టోబరులో షాబీ అలొన్సో కోచ్‌గా వచ్చేసరికి లీగులో 18 టీముల్లో 17వ స్థానం, 8 ఆటల్లో 5 పాయింట్లు. ఆటగాడిగా వరల్డ్ కప్ గెలిచినోడే గానీ, కోచ్‌గా సీనియర్లని నడిపింది స్పెయిన్ క్లబ్బు రియల్ సొసియెదాద్ రెండో టీముని మాత్రమే. అదీ ఆ ఏడే కింది డివిజన్‌కి జారిపోయింది. అలాంటోడి చేతికి టీమ్ ఇచ్చారంటే ధైర్యమో, గత్యంతరం లేకో మరి!

మొదటి ఆటే షాల్కే మీద 4-0. అందరూ ఈ ఏడాది టైటిల్ గురించే చెప్పుకుంటున్నారు గానీ, నన్నడిగితే అసలు ఘనత ఆ మొదటి సీజన్‌దే. అడుగు నుంచి ఆరో స్థానానికి లాక్కొచ్చాడు. తర్వాత వేసవిలో జాకా, బోనిఫేస్, గ్రిమాల్దో అనే ఆటగాళ్లు వచ్చారు. గ్రిమాల్దోకైతే పైసా ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టలేదు!

వీళ్ల ఆటలో తొందరన్నదే ఉండదు. చిన్న చిన్న పాసులతో అవతలోళ్లని అటూ ఇటూ తిప్పి తిప్పి చంపుతారు. ఆఖర్లో వాళ్ల కాళ్లు లాగేసినా వీళ్లు మాత్రం అదే పాస్, అదే ఓపిక. యూరోపా లీగులో కరాబాగ్ అనే టీమ్ మీద 0-2 వెనకబడి, ఇంజురీ టైమ్‌లో మనోడు షిక్ రెండు కొడితే 3-2తో గెలిచారు. రోమా మీద 97వ నిమిషంలో సమం చేశారు. అదృష్టమంటారు అందరూ. అదృష్టం వారం వారం డ్యూటీకొచ్చినట్టు వస్తుందేటి?

ఫిబ్రవరిలో జర్మనీలోకెల్లా పెద్ద క్లబ్బు బయర్న్‌ని 3-0తో కొట్టారు. మొదటి గోల్ వేసిన స్టానిషిచ్ ఎవరనుకున్నావ్, బయర్న్ నుంచే అరువొచ్చినోడు!

ఏప్రిల్ 14 రాత్రి చెప్పాలి. హార్దిక్ బౌలింగ్‌లో ధోనీ వరసగా మూడు సిక్సులు దంచాడే, ఆ రాత్రే. రెండు వారాల ముందే మన పీఎం పాలెం స్టేడియంలో బాది వెళ్లాడాయె, ఇక మా అపార్ట్‌మెంట్‌లో టీవీ నాకెవడిస్తాడు? వంటింటి గట్టు మీద ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి చూశాను. లెవర్కూసెన్ బ్రెమెన్ మీద 5-0. మనోడు విర్ట్జ్ ఒక్కడే మూడు. అతని మూడోది పడగానే జనం గ్రౌండ్‌లోకి ఉరికేశారు, రిఫరీ ఆట ముగించేశాడు. పదకొండేళ్లుగా టైటిల్ వదలని బయర్న్ చేతుల్లోంచి, ఇంకా ఐదు ఆటలుండగానే లాగేసుకున్నారు. నా కేక విని మా ఆవిడ హాల్లోంచి "రోహిత్ గానీ అవుటయ్యాడేటి?" అంది.

లీగులో 34 ఆటలు, ఒక్క ఓటమి లేదు. అన్నీ కలిపి 51 ఆటలు అజేయంగా వెళ్లి, బుధవారం డబ్లిన్‌లో యూరోపా లీగ్ ఫైనల్లో ఇటలీ క్లబ్బు అటలాంటా చేతిలో 0-3తో ఓడారు. వాళ్ల లుక్‌మన్ ఒక్కడే మూడూ కొట్టాడు. సాకులక్కర్లేదు, ఆ రాత్రి మనోళ్లు తేలిపోయారు. నిన్న రాత్రి మళ్లీ జర్మన్ కప్ ఫైనల్. సెకండ్ హాఫ్ అంతా పదిమందితో ఆడి కైజర్స్‌లౌటెర్న్‌ని 1-0తో ఓడించారు. జాకా గోల్ చూసి తీరాలి, యూట్యూబ్‌లో వెతుక్కో.

ఇంత చెప్పినా "కోచ్‌దేముందిలే" అంటావు. మరి నీ సన్‌రైజర్స్ సంగతేటి? పోయినేడు అట్టడుగున పదో స్థానం. ఈ ఏడు వెట్టోరి కోచ్‌గా వచ్చాడు, కమిన్స్ కెప్టెనయ్యాడు, ఇవాళ ఫైనల్లో ఉన్నారు. ఏడున్నరకి ఆట, ఆపేస్తున్నా. ఓడితే మాత్రం నాకు ఫోన్ చేసి ఏడవకు. సెలవు దొరికితే వచ్చెయ్, బీచ్‌లో ముంతమసాలా ఖర్చు నీదే.

నీ
మామ